పుట్టయు గొడుగును

పుట్టగొడుగు అను మాటను ఎరుగని తెలుగువారు లేరు. ఆ మాటలోని రెండు ముక్కలను విడదీసి, ఈ గొడుగునకు పుట్టతో నేమి పొత్తు అని విచారించువారు మాత్రము అరుదు. తొలకరి వానకు గడ్డివాము ప్రక్కను, పెంటకుప్ప మీదను, పుచ్చిన మొద్దు మీదను లేచు ప్రతి గొడుగును మనము పుట్టగొడుగనియే పిలుచుచున్నాము. పట్టణపు అంగళ్లలో పొట్లములు కట్టి అమ్మునదానికిని అదే పేరు. వరిగడ్డి మీద పెంచునదానికిని అదే పేరు. కాని మన పూర్వులు ఈ పేరును మొదట పెట్టినది చెదపుట్టనుండి లేచు జాతికేయని నా నమ్మకము. తక్కినవానికి వారు వేరొక మాట ఉంచిరి, అది కుక్కగొడుగు. పేరులు రెండుగా నుండుటయే, తినదగినది వేరు తినదగనిది వేరు అను తెలివి మన పల్లెలలో ఎంతకాలము నుండియో యున్నదనుటకు గురుతు.

ఉరుము ఉరిమిననే పుట్టగొడుగు లేచునని మన పెద్దలు చెప్పుదురు. కాళిదాసు కూడ మేఘసందేశమున మేఘగర్జనమునకును శిలీంధ్రములు పుట్టుటకును ముడిపెట్టి చెప్పినాడు. పరిశుద్ధ గ్రంథమున వృక్షములును, పక్షులును, మిడుతలును, తుదకు చిమ్మటయు పెక్కుచోట్ల ప్రశంసింపబడినవి గాని, పుట్టగొడుగు పేరు నాకెచ్చటను కానరాలేదు. పాలస్తీనా దేశపు ఎండయే అందులకు కారణమో, లేక ఒక దినము నిలిచి మాయమగు వస్తువును లెక్కింప నెవరికిని తోచలేదో తెలియదు. అది యటుండనిండు.

గడచిన ఆషాఢమాసమున నాలుగు దినములు ముసురు పట్టి, అయిదవనాడు తెరపి ఇచ్చెను. ఆ యుదయమున మా వసతిగృహపు బాలుడొకడు తువాలునిండ గొడుగులను మూటగట్టుకొని వంటశాల గుమ్మమునొద్దకు వచ్చి నిలిచెను. వాడు తొమ్మిదవ తరగతివాడు. మారేడుమిల్లికి ఆవలనున్న కొండపల్లెనుండి వచ్చి చదువుకొనుచున్నవాడు. తన పేరు పత్రికలో వేయవలదని వాడు కోరినందున ఇచ్చట వ్రాయను. పాఠశాల వెనుక, చింతచెట్టునకు పడమట, మనుష్యుని యెత్తున నున్న పాతపుట్ట చుట్టును అవి లేచినవట. వంటకు పనికివచ్చునని తెచ్చితినని వాడు చెప్పెను.

అంతలో తక్కిన పిల్లలు మూగిరి. ఒకడు ముక్కు మూసికొనెను. మరియొకడు "కుక్కగొడుగులురా!" అని కేకవేసెను. "అడవికూడు" అని వేరొకడు నవ్వెను. ఆ బాలుడు మారు పలుకలేదు. మూటను గట్టిగా పట్టుకొని నేలచూపులు చూచుచుండెను. తన యింట తల్లి వండిపెట్టు కూరను పదిమందియెదుట పరిహసించినప్పుడు పండ్రెండు పదునాలుగేండ్లవానికి కలుగు బాధ యెట్టిదో తలిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. వంటావిడ మాత్రము, "ఇవి నేను వండను బాబూ. ఎవరికైనా వాంతులైతే పోలీసులు ముందు నన్నే అడుగుతారు" అని నిష్కర్షగా చెప్పెను. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. వార్డెనుగారు ఆ మూటను, ఆ బాలుని, వెనుకనున్న గుంపును కలిపి నాయొద్దకు పంపిరి. ప్రకృతిశాస్త్రము చెప్పువాడు గొడుగుల మంచిచెడ్డలు కూడ చెప్పగలడని వారి యభిప్రాయము కాబోలు!

ప్రయోగశాలలోని బల్లమీద వార్తాపత్రికను పరచి, వానినన్నిటిని వరుసగా పెట్టించితిని. మొత్తము ముప్పదియొకటి. వరుస పెట్టుచున్న బాలుని చేయి నడుమ నడుమ ఆగుచుండెను. ఏడింటిని తీసి వేరొక మూలనుంచి, "ఇవి నావి కావండీ. వీటికి వేరు లేదు" అనెను. అప్పుడు గుంపులోనుండి ఎనిమిదవ తరగతి చిన్నవాడొకడు మెల్లగా ముందునకు వచ్చి, తోడుచేసిన మంచిదని ఆటస్థలపు పచ్చికలో దొరికినవానిని తానే ఆ మూటలో వేసితినని చెప్పెను. వాని యుద్దేశము మంచిదే. కాని యొక మూటలో రెండు చోట్ల గొడుగులు కలిసినప్పుడు ఆ మూట అంతయు అనుమానముపాలగును.

రెండు గుంపులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన, దూరమునకు రెండును తెల్లగొడుగులే. రెండింటి కాడలకును ఉంగరము కలదు. రెండింటి క్రిందను మొప్పలు కాడను అంటక విడిగానే యున్నవి. పుస్తకమునందలి బొమ్మను మాత్రమే నమ్మువాడు రెండును ఒకటేయని యనుటకు తావు కలదు. ఇక భేదములను చెప్పెదను.

పుట్టనొద్ద దొరికినవాని గొడుగు నాలుగు అంగుళముల వెడల్పున నుండి, నడుమ బొడిపెవలె లేచి, ఆ బొడిపె మాత్రము గోధుమవన్నె కలిసిన బూడిదరంగుగా నుండెను. వ్రేలితో నొక్కిన ఆ బొడిపె తక్కిన భాగముకంటె గట్టిగా నుండెను. గట్టినేలను చీల్చుకొని పైకి వచ్చుటకు దానికది గునపపు మొన. గొడుగు అంచులు అచ్చటచ్చట చీలియున్నవి. కండ తెల్లన, బిగువు, వాసన ఇంపైనది. అన్నిటికంటె ముఖ్యమైనది కాడ. అది నేలమట్టమున తెగిపోక, క్రిందికి సన్నగిల్లుచు, వేరువలె సాగియుండెను. ఆ బాలుడు పెరుకుటయందు ఎంత మెలకువ చూపెనో గాని, కొన్నింటి వేరులు జానెడు పొడవున్నవి.

పచ్చికలోనివాని గొడుగు మీద గోధుమవన్నె పొలుసులు చెదరియుండెను. కాడ అడుగున ఉబ్బి, అక్కడనే ముగిసెను, వేరు లేదు. ఉంగరము వదులై, వ్రేలితో జరిపిన పైకిని క్రిందికిని కదలెను. లేతవాని మొప్పలు తెల్లగనే యున్నవి గాని, బాగుగా విచ్చుకొన్న యొకదాని మొప్పలలో పచ్చనిచాయ తోచీతోచనట్లుండెను.

ఈ చాయ కంటికి మోసము చేయవచ్చును. కావున సిద్ధబీజముల యచ్చు తీయ నిశ్చయించితిమి. ఇది యే పిల్లవాడైనను చేయదగిన పని, ఖర్చు లేదు. గొడుగు కాడను మొదటికి కోసివేసి, సగము తెల్లగను సగము నల్లగను ఉన్న కాగితముమీద మొప్పలు క్రిందికుండునట్లు బోర్లించి, గాలి తగులకుండ పైన గిన్నె మూయవలెను. మొప్పలనుండి సిద్ధబీజములు లక్షలకొలదిగా రాలి, తెల్లవారునప్పటికి మొప్పల గీతలతో సహా కాగితముమీద అచ్చుపడును. తెల్లని బీజములైన నల్లని సగముమీదను, ముదురురంగువైన తెల్లని సగముమీదను కనబడును. ప్రతి గుంపునుండి మూడేసి గొడుగులను బోర్లించి, వంటశాల గిన్నెలు ఆరు అరువు తెచ్చి మూసి, గదికి తాళము వేసితిమి. ఆ రాత్రి వసతిగృహమున చారును, వంకాయకూరయు. కూర పోయెనని సణిగినవారును కలరు. ఉదయమున ముక్కు మూసికొన్నవారే వీరిలో కొందరు.

మరునాటి ప్రార్థన ముగిసిన వెంటనే ప్రయోగశాల గుమ్మమునొద్ద ఇరువదిమందికి తక్కువ లేరు. మొదటి మూడు గిన్నెలు ఎత్తితిమి. తెల్లని సగముమీద లేత గులాబివన్నె చక్రములు పడియున్నవి. తరువాతి మూడు ఎత్తగనే పిల్లలందరు ఒక్కసారి "అమ్మో!" అనిరి. కాగితముమీద పడినది ఆకుపచ్చ. పసరు ఎండిన బూడిదవంటి పచ్చన. గొడుగులలో ఇట్టి పచ్చని యచ్చు వేయునది బహు తక్కువ. దీని శాస్త్రనామము క్లోరోఫిల్లము మోలిబ్డైటిస్. ఆ పేరులోని మొదటిమాటకు పచ్చని రేకు కలదని యర్థము. ఉష్ణదేశములయందు పచ్చికబయళ్లలో వానకాలమున విరివిగా లేచును. తిన్నవారికి కొలది గంటలలోనే కడుపునొప్పియు, వాంతులును, విరేచనములును పట్టుకొనును. దీనివలన ప్రాణము పోవుట అరుదేగాని, ఆస్పత్రి దూరముగానున్న చోట చిన్నపిల్లలకు ఒంటిలోని నీరు పోయి అపాయమగును. ఆ ఏడు గొడుగులు కూరలో పడియున్నచో ఆనాటి రాత్రి మా వసతిగృహము ఏమైయుండునో ఊహించుకొనవచ్చును. వానిని వేరుచేసి పెట్టినది మాత్రము ఏ పుస్తకమును, ఏ సూక్ష్మదర్శినియు కాదు. "వేరు లేదు" అను ఒక్క మాట. అడవికూడని నవ్వినవానికి ఈ సంగతి నేను చెప్పనక్కర లేకపోయెను. వాడు ఆ కాగితమువంక చూచి, తరువాత ఆ బాలునివంక చూచి, "వేరు ఎంత లోతుకు పోతుందిరా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు బదులు తెలిసికొనుటకై మేము ఆ శనివారము పుట్టనొద్దకు పోతిమి. పుట్టను కదల్చక, దానికి మూడు బారల దూరమున మిగిలిన గొడుగొకదానిని ఎంచుకొని, దాని ప్రక్కగా చిన్నపారతో మన్ను తీసితిమి. పిల్లలు వంతులవారీగా త్రవ్విరి. కాడ నేలలోనికి పోవుకొలది సన్నమై, పై చర్మము నల్లబడుచు వచ్చెను. పదునాలుగు అంగుళముల లోతున అది యొక బోలుగదిలోనికి దిగెను. ఆ గదిలో, మెదడు మడతలవలె ముడుతలుపడిన గోధుమవన్నె తెట్టె యొకటి కలదు. వేరు ఆ తెట్టెనుండియే పుట్టినది. తెట్టెమీద గసగసాలవంటి తెల్లని బుడిపెలు. వానినడుమ చెదలు పరుగులెత్తుచున్నవి. ఒక చిన్న ముక్కను మాత్రము గాజుపలకమీదికి తీసి, గదిని మరల మన్నుతో కప్పితిమి.

ఇదే పుట్టకును గొడుగునకును గల పొత్తు. చెదలు ఎండుటాకులను, కట్టెను, గడ్డిని తినును గాని, కట్టెయందలి బిరుసు పదార్థమును జీర్ణించుకొను శక్తి వానికి చాలదు. పనిచేయు చెదలు తిన్నదానిని సగము జీర్ణముచేసి, శిలీంధ్రపు సిద్ధబీజములతో కూడ పుట్టలోని గదులయందు విసర్జించి, తెట్టెలుగా పేర్చును. ఆ తెట్టెలపై శిలీంధ్రము దారములవలె అల్లుకొని, చెదలకు జీర్ణముకాని కట్టెను మెత్తపరచును. దానిపై పుట్టు తెల్లబుడిపెలను చెదలు తినును. ముదిరిన తెట్టెను కూడ పిదప తినును. మనము నారు పోసి, కలుపు తీసి, పంట కోయునట్లే యవియు చేయును. వేరే బూజు తెట్టెలపై మొలచిన తీసివేయును. పుట్టలోని చెదలు చచ్చి ఆ సేద్యము నిలిచిపోయినచో, కొలదినాళ్లకే నల్లని వ్రేళ్లవంటి వేరొక శిలీంధ్రము ఆ తెట్టెలను ఆక్రమించి నేలపైకి పొడుచుకొని వచ్చును. పాడుపడిన పుట్టకు అది గురుతు. ఈ సేద్యము సుమారు మూడుకోట్ల యేండ్ల క్రిందట ఆఫ్రికాఖండమున ప్రారంభమైనదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మనుష్యుడు నాగలి పట్టి పదునైదువేల యేండ్లు కూడ కాలేదు. సోమరికి చీమను గురువుగా చూపుదురు. చెదను చూపువారు లేరు. అది మన తలుపులను, పుస్తకములను తినుటవలన దానికి ఆ గౌరవము దక్కలేదు కాబోలు.

మన దేశమున ఈ సంగతిని మొదట చూచి వ్రాసినవారిలో నొకడు మిషనుకు సంబంధించిన వైద్యుడగుట మన పత్రిక చదువరులకు సంతోషము కలిగించును. యోహాను గెరార్డు కేనిగు అనునతడు లిన్నేయసు మహాశయుని శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని మిషనునకు వైద్యుడుగా వచ్చి, రోగులను చూచుచునే చెట్లను పురుగులను పరీక్షించుచు, తరువాత ఆర్కాటు నవాబునొద్దను, ఈస్టిండియా కంపెనీయొద్దను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా కొలువు చేసెను. తంజావూరు సీమలోని చెదపుట్టలను త్రవ్వించి చూచి, వాని నడవడిని, లోపలి శిలీంధ్రమును వర్ణించుచు 1779లో నొక వ్యాసమును జర్మను భాషలో ప్రకటించెను. అతడు 1785లో మన కాకినాడలోని జగన్నాథపురమున మృతినొందెను. కాకినాడలో చదివిన మా పూర్వవిద్యార్థులలో ఈ పేరు విన్నవారు ఎందరుందురు?

ఈ గొడుగుల గణమునకు టెర్మిటోమైసిస్ అని పేరు. చెదశిలీంధ్రమని దాని యర్థము. 1942లో ఫ్రాన్సుదేశపు రోజర్ హైమ్ అను శాస్త్రజ్ఞుడు ఈ గణమును ఏర్పరచెను. మన దక్షిణదేశమున విరివిగా దొరకు ఉంగరముగల జాతిని 1979లో నటరాజనుగారు క్రొత్తదిగా వర్ణించి, ఆ ఫ్రెంచి పండితుని గౌరవార్థము టెర్మిటోమైసిస్ హైమియై అని పేరిడిరి. మా పుట్టవద్ద లేచినవాని ఉంగరము, బొడిపె, వేరు, గులాబివన్నె యచ్చు ఈ వర్ణనమునకు సరిపోయినవి. ఈ గణమునందే వ్రేలిగోరంత గొడుగులు వందలకొలది చాపపరచినట్లు లేచునది యొకటి కలదు. అది చెదలు బయటకు తెచ్చి పోసిన తెట్టెముక్కలపై మొలచుటచే దానికి పొడవువేరు ఉండదు. ఆఫ్రికాలోని జాంబియా దేశమున ఇంచుమించు గజము వెడల్పు గొడుగుగల జాతియు కలదు. ఆ మాట చెప్పగనే మా పిల్లలలో నొకడు, అది నిజముగా వానకు పట్టుకొనవచ్చునే యనెను.

శ్రావణమున రెండు దినములు సెలవు రాగా ఆ బాలునితో కలిసి వాని పల్లెకు పోతిని. బస్సు దిగి నాలుగుమైళ్లు నడక. త్రోవ పొడుగునను వెదురును, మద్దియు, తునికియు. వాని నాయనమ్మకు డెబ్బదియేండ్లు దాటినవి. బడికి పోయినది కాదు. మరునాటి తెల్లవారుజామున గంపతో ఆమె ముందు నడువగా మేము వెనుక నడచితిమి. ఆమె నేలను చూచి నడచుటలేదు. చెట్లను చూచి నడచుచున్నది. ఏ వెదురుపొద యొద్ద, ఏ మద్దిచెట్టు మొదట, ఏ యేట లేచినదో ఆమెకు జ్ఞాపకము. ఒకచోటనే యేటేట లేచును. ఏలయన పుట్ట అచ్చటనే యుండును గదా. అన్నిచోట్లను పుట్ట నేలపైకి కనబడదు. గదులు నేలలోనే దాగియుండిన చోట్లు కూడ ఆమె యెరుగును. ఉసుళ్లు ఎగిరి ఎన్నాళ్లైనదో, తరువాత ముసురు ఎన్ని దినములు పట్టెనో వ్రేళ్లు మడచి లెక్కించెను. ఆమె లెక్కకు శాస్త్రమునను తావు కలదు. ఉసుళ్లనగా రెక్కలు వచ్చిన చెదలే. అవి ఎగిరిపోయి క్రొత్తపుట్టలు పెట్టుకొనును. ఆ క్రొత్తకాపురములందు మొదటి పనివారు పుట్టి బయటికి వచ్చు కాలమునకు పాతపుట్టలమీది గొడుగులు విచ్చి సిద్ధబీజములను రాల్చును. క్రొత్తచెదలలో చాలజాతులు తమ సేద్యమునకు విత్తనమును అట్లు బయటనుండియే తెచ్చుకొనవలెను.

ఆమె ప్రతిగొడుగును పెరుకునప్పుడు రెండుచేతులతో కాడ మొదటను మన్ను వదులుచేసి, వ్రేళ్లు లోనికి పోనిచ్చి వేరును తడిమెను. వేరు చేతికి తగిలిననే పైకి తీసెను. ఒకచోట తెల్లగా, పొంకముగా నున్న గొడుగు వేరు లేకుండ తెగివచ్చెను. చూచుటకు తక్కినవానివలెనే యున్నను దానిని గంపలో వేయలేదు. కారణమడుగగా, "వేరు తెగింది ఇంటికి తేకూడదు పంతులుగారూ. అది ఎవరి బిడ్డో మనకేం తెలుసు?" అనెను. ప్రతిపుట్టయొద్దను బాగుగా విచ్చిన గొడుగులను రెండు మూడింటిని వదలుచుండెను. అవి నేలతల్లికట. పుట్టను గునపముతో పొడిచి వెదకు కుర్రవాండ్రను చూచిన ఆమెకు కోపము. "ఇల్లు కూలిస్తే మళ్లీ ఏడు కూర ఎవరు పెడతారు?" అని ఆమె ప్రశ్న. విత్తనమునకు గొడుగులను వదలుట, పుట్టను కాపాడుట, గుర్తులేనిదానిని విడుచుట: నేను కళాశాలలో చదివినదానిలో ఈ మూడింటికి మించి ఆ యడవికి పనికివచ్చునది యేమున్నదాయని ఆ త్రోవయంతయు ఆలోచించితిని.

ఆ మధ్యాహ్నము ఉల్లి, పచ్చిమిరప, పసుపు, ఉప్పు మాత్రము వేసి ఆమె వండిన కూరను జొన్నన్నముతో తింటిని. కోడికూర రుచియని కొందరందురు. నాకట్లు తోచలేదు, అది దాని రుచియే. దీనిని అంగటిగొడుగువలె షెడ్డులలో పండించి అమ్ముటకు పెక్కుదేశములవారు పాటుపడుచున్నారు గాని, చెదలు లేక దానిని పంటగా తీయు మార్గము ఇంకను చేజిక్కలేదు.

ఇంత వ్రాసి, చదువరులలో చిన్నవారికి ఒక హెచ్చరిక చేయకున్న నా పని చెడును. ఈ వ్యాసము చదివి అడవికి పోయి గొడుగులు కోసి తినవలదు. అన్నివిషములును పచ్చగొడుగువలె వెంటనే తెలియునవి కావు. అమనైట అను గణమున కొన్నిజాతులు ప్రాణహరములు. వానికి ఉంగరము కలదు, తెల్లని మొప్పలు, తెల్లని యచ్చు, కాడ యడుగున, మన్నులో దాగి, గుడ్డుపెంకు చినిగినట్టి గిన్నె. కాడను నేలమట్టమున విరిచినవానికి ఆ గిన్నె కనబడదు. తిన్నపిమ్మట ఆరు మొదలు పండ్రెండుగంటలు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు, ఏమియు తెలియదు. పిదప వాంతులు, విరేచనములు; ఆ తరువాత కొంత నెమ్మదించి రోగి కోలుకొన్నట్లే తోచును; ఆ సమయముననే విషము కాలేయమును కాల్చుచుండును. ఉడికించినను, ఎండబెట్టినను ఈ విషము విరుగదు. 2022 ఏప్రిలు నెలలో అస్సాము రాష్ట్రమున అడవిగొడుగులు తిని పదిమందికి పైగా మరణించిరి. వారిలో తేయాకుతోటల కూలీల కుటుంబములవారు పలువురు.

వెండినాణెము వేసిన నల్లబడునని, వెల్లుల్లి రంగు మారునని, పురుగు తిన్నది మనుష్యునికిని మంచిదని చెప్పు పరీక్షలన్నియు వట్టివి. ప్రాణములు తీయు గొడుగును నత్తలు హాయిగా తినును. ఆ ముదుసలి ఈ పరీక్షలలో నొక్కటియు చేయలేదని చదువరులు గమనింతురు గాక. ఆమె యెరిగినది ఒక్కజాతి. దాని యిల్లు, దాని వేళ, దాని వేరు. తక్కినవాని జోలికి ఆమె పోదు. వసతిగృహమున అడవిగొడుగులు వండరాదని వార్డెనుగారు చేసిన నియమము ఇప్పటికిని అమలునందే యున్నది. అది కొందరు పిల్లలకు కష్టముగా తోచెను. నాకు సరియనియే తోచినది. ఏబదిమందికి వండు కుండలో, తెచ్చినవారు నలుగురైనచో, వేరు చూచినది ఎవరు?

ఇక మా పుట్టనుగూర్చి. చింతచెట్టు ప్రక్కనున్న ఆ నేలను చదునుచేసి వాలీబాలు ఆడుటకు స్థలము చేయవలెనని నిరుడే ఏర్పాటు జరిగియుండెను. పుట్టను త్రవ్వి మందుపోసి మాన్పవలెనని గుత్తదారు చెప్పినాడు. పాములుండునని భయపడినవారును కలరు. పాఠశాల కప్పు దూలములకు చెద పట్టునను భయము ఉచితమైనదే కావున దానిని తేలికగా త్రోసివేయరాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు అర్జీ వ్రాసుకొని ప్రధానోపాధ్యాయులవారికి ఇచ్చిరి. అందులో మొదటి సంతకము ఆ బాలునిది కాదు, అడవికూడని నవ్వినవానిది. ప్రధానోపాధ్యాయులవారు స్వయముగా వచ్చి, పుట్టకును భవనమునకును నడుమనున్న దూరమును టేపుతో కొలిపించి చూచిరి, నూటపది అడుగులు. ఆటస్థలపు గీతను పదునాలుగు అడుగులు తూర్పునకు జరుపుటకు ఒప్పుకొని, భవనపు పునాది చుట్టును చెదమందు ఏటేట వేయింపవలెనని కూడ ఉత్తరువు చేసిరి. కొలిచిన మరునాడే గుత్తదారు గీత మార్చి ముగ్గు పోసెను.

మేము త్రవ్వి మూసిన గుంటను నాలుగవనాడు పోయి చూడగా చెదలు దానిపై తడిమన్ను పూసి, మేము పూడ్చినదానికంటె చక్కగా పూడ్చియుండెను. పిల్లలు ఒక లెక్కపుస్తకము పెట్టిరి. వాన కురిసిన తేదీలు, ఉసుళ్లు ఎగిరిన రాత్రి, గొడుగు లేచిన దినము, లేచినవాని సంఖ్య, పుట్టనుండి దూరము అను గడులు గీచినారు. నిరుటి గడులలో ఒక్క వరుస మాత్రమే నిండినది. ఆ గులాబివన్నె కాగితములు మూడును, పచ్చనివి మూడును అట్టకు అంటించి ప్రయోగశాల గోడకు తగిలించితిమి. పరీక్షలు ముగిసి పిల్లలు ఇండ్లకు పోయి తిరిగివచ్చునప్పటికి ఆరుద్రకార్తె సమీపించియుండును. అప్పుడు ఆ పుస్తకమును వ్రాయువంతు ఎనిమిదవ తరగతివారిదని నిర్ణయమైనది.